హెచ్‌ఐవీ సెంటర్‌కి వెళ్తే మన విషయం బయటికి పొక్కుతుందా? తరచుగా అడిగే ప్రశ్నలు

ఏఆర్‌టీ సెంటర్‌లో, అంటే హెచ్‌ఐవీకి మందులిచ్చే ప్రభుత్వ సెంటర్‌లో, కౌన్సిలర్‌గా చేసినన్నాళ్ళూ మందుల గురించి అడిగినవాళ్ళ కంటే "ఎవరికీ తెలీదు కదా మేడమ్" అని అడిగినవాళ్ళే ఎక్కువ, కొంతమంది రిపోర్ట్ చేతికి రాకముందే అడిగేవాళ్ళు. ఒక్క ఏపీలోనే హెచ్‌ఐవీ ఉన్నవాళ్ళు 3 లక్షల పైన ఉంటారని అంచనా, తెలంగాణలో కూడా లక్ష దాటే ఉన్నారు, అయినా మనకి తెలిసినవాళ్ళలో ఒక్కరూ ఉన్నట్టు అనిపించదు, ఎందుకంటే అందరూ గుట్టుగానే నెట్టుకొస్తున్నారు. చట్టం ఏమంటుందో, సెంటర్లలో నిజంగా ఏం జరుగుతుందో రెండూ రాస్తున్నా, ఎక్కడ పొంతన లేదో అది కూడా చెప్తా.

మన విషయం బయటపెట్టకూడదని అసలు చట్టం ఉందా?

ఉంది. 2017లో హెచ్‌ఐవీ ఎయిడ్స్ చట్టం వచ్చింది, 2018 సెప్టెంబర్ 10 నుంచి అమల్లో ఉంది. అందులో 8వ సెక్షన్ మనకి ముఖ్యం. నమ్మకం మీద మీరు చెప్పుకున్న విషయాన్ని డాక్టర్ గానీ ల్యాబ్ వాళ్ళు గానీ ఆఫీసులో హెచ్‌ఆర్ గానీ ఎవరైనా సరే, మీరు రాసి ఇచ్చిన ఒప్పుకోలు లేకుండా ఇంకొకళ్ళకి చెప్పకూడదు. రాసి ఇచ్చింది అంటున్నా, చూడండి. "ఆయనే ఫోన్‌లో సరే అన్నాడండీ" అంటే చెల్లదు. మీ నోటితో మీచేతే చెప్పించే హక్కు కూడా ఎవరికీ లేదు, న్యాయం కోసం అవసరమని కోర్టు ఆర్డర్ ఇస్తే తప్ప. 11వ సెక్షన్ రికార్డుల గురించి, అంటే హెచ్‌ఐవీ వివరాలు పెట్టుకునే ప్రతి సంస్థా వాటిని ఎవరు చూడొచ్చో, ఎలా దాచాలో, బయటికి పోతే బాధ్యత ఎవరిదో ముందే ఏర్పాటు చేసుకుని ఉండాలి.

మరి మనల్ని అడక్కుండా ఎవరికీ చెప్పరా?

కొన్ని మినహాయింపులు ఉన్నాయి. మీకు వైద్యం చేస్తున్న ఇంకో డాక్టర్‌కో నర్స్‌కో, అదీ వైద్యానికి అవసరమైతేనే చెప్పొచ్చు. కోర్టు ఆర్డర్ ఉంటే చెప్పాలి. పేరూ ఊరూ లేకుండా లెక్కలకి వాడుకోవచ్చు. ప్రోగ్రామ్ ఎలా నడుస్తుందో చూడ్డానికి వచ్చే ప్రభుత్వ అధికారులు, రాష్ట్ర ఎయిడ్స్ కంట్రోల్ సొసైటీ వాళ్ళు రికార్డులు చూడొచ్చు. భార్యాభర్తల విషయం వేరే ఉంది, కింద రాశా. మీ అన్నయ్య, మేనమామ, ఊరి పెద్ద, పక్క డిపార్ట్‌మెంట్‌లో పనిచేసే మీ చుట్టం నర్స్... వీళ్ళెవరూ ఈ లిస్టులో లేరు. ముఖ్యంగా ఆ చుట్టం నర్స్. ఆసుపత్రిలో ఉద్యోగం ఉన్నంత మాత్రాన మీ ఫైల్ చూసే హక్కు రాదు, మీ వైద్యంలో ఆవిడకి పని ఉంటేనే.

సెంటర్‌లో నా వివరాలు ఎవరెవరు చూస్తారు?

మెడికల్ ఆఫీసర్, కౌన్సిలర్, స్టాఫ్ నర్స్, ల్యాబ్ టెక్నీషియన్, ఫార్మసిస్ట్, డేటా మేనేజర్, కేర్ కోఆర్డినేటర్. మీ వైద్యం వివరాలు రాసే వైట్ కార్డ్ సెంటర్ బీరువాలో ఉంటుంది, గ్రీన్ బుక్ అనే చికిత్స పుస్తకం మీ చేతికి ఇస్తారు, వివరాలన్నీ జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ (నాకో) వాళ్ళ సోచ్ అనే ఆన్‌లైన్ సిస్టమ్‌లో ఎక్కుతాయి. స్వీపర్, సెక్యూరిటీ గార్డ్, ఓపీ చీటీ రాసే అబ్బాయి చూడకూడదు. చూడకూడదు అని రాశా గానీ, టేబుల్ మీద రిజిస్టర్ తెరిచి పెట్టి టీకి వెళ్ళే సెంటర్లు ఉన్నాయి, తన పేరు కోసం వెతుకుతూ పేషెంటే నాలుగు పేజీలు తిప్పేసే సీన్ కూడా మామూలే. అలా కనిపిస్తే "సార్, ఆ రిజిస్టర్ మూసేయండి" అని ధైర్యంగా అనండి, అందులో మీ పేరు కూడా ఉంది కదా.

కంప్యూటర్‌లో పెట్టారు కాబట్టి హ్యాక్ అయితే?

అందరూ దీని గురించే భయపడతారు. అయితే లోకంలో పేరుమోసిన లీకులు మూడు చూడండి. లండన్‌లో 56 డీన్ స్ట్రీట్ అనే క్లినిక్ 2015లో న్యూస్ లెటర్ మెయిల్ పంపుతూ దాదాపు 780 మంది అడ్రస్‌లు అందరికీ కనపడే గడిలో పెట్టేసింది, చాలామంది పేర్లు కూడా అందరూ చూశారు, మరుసటి ఏడాది 1,80,000 పౌండ్ల ఫైన్ పడింది. అమెరికాలో 2017లో ఏట్నా అనే ఇన్సూరెన్స్ కంపెనీ సుమారు 12,000 మందికి ఉత్తరాలు పంపితే కవర్ మీద అడ్రస్ కనపడే ఆ ప్లాస్టిక్ కిటికీలోంచి హెచ్‌ఐవీ మందుల ప్రస్తావన కనపడింది, పోస్ట్‌మన్ నుంచి రూమ్‌మేట్ దాకా ఎవరైనా చదివేయొచ్చు. సింగపూర్‌లో అయితే 14,200 మంది ఉన్న హెచ్‌ఐవీ రిజిస్ట్రీ నెట్‌లోకి వచ్చేసిందని 2019 జనవరిలో వాళ్ళ ఆరోగ్య శాఖే ప్రకటించింది, అది కూడా ఆ డేటా చూసే అధికారం ఉన్న డాక్టర్ ఒకాయన సన్నిహితుడి చేతికి వెళ్ళిందే, హ్యాకర్ ఎవరూ లేడు.

మన దగ్గర కూడా అంతే. నేను విన్న కేసుల్లో విషయం పొక్కింది నోటి నుంచీ, కాగితం నుంచీ, వరండాలో గట్టిగా పిలిచిన పిలుపు నుంచీ, ఫోన్ నుంచీ. పాస్‌వర్డ్ గోడకి అంటించే సెంటర్ల మీద నాకూ కోపమే, కానీ మీరు ముందు జాగ్రత్త పడాల్సింది ఈ చిన్న చిన్న చోట్ల.

క్యూలో మా ఊరివాళ్ళు కనిపిస్తే?

ఇది నిజమైన సమస్య, దీనికి చట్టంలో మందు లేదు. పెద్ద ఆసుపత్రుల్లో ఏఆర్‌టీ సెంటర్ ఏ మూల ఉందో ఆటోవాళ్ళకి కూడా తెలుసు, బోర్డ్ తీసేసినా తెలుసు. క్యూలో ఉన్నవాళ్ళు మీలాగే మందులకి వచ్చినవాళ్ళు, వాళ్ళకీ మీ భయమే ఉంటుంది కాబట్టి సాధారణంగా వాళ్ళు నోరు విప్పరు. అసలు ఇబ్బంది దారిన పోతూ చూసేవాళ్ళతో. మీ జిల్లా సెంటర్‌లోనే రాయించుకోవాలని రూల్ ఏమీ లేదు, పక్క జిల్లాకి ట్రాన్స్‌ఫర్ అడగొచ్చు. తెనాలివాళ్ళు విజయవాడలో, సిద్దిపేటవాళ్ళు హైదరాబాద్‌లో తీసుకోవడం కొత్తేమీ కాదు. కాకపోతే ఛార్జీలు, ఒక రోజు కూలి పోవడం, వాన పడితే వాయిదా... ఇవన్నీ ఆలోచించుకోండి, దూరం వల్ల డోసు తప్పితే మళ్ళీ మొదటికి వస్తుంది. ఆరోగ్యం నిలకడగా ఉంటే దగ్గర్లో ఉన్న లింక్ ఏఆర్‌టీకి, అంటే పెద్ద సెంటర్‌కి అనుబంధంగా మందులిచ్చే చిన్న సెంటర్‌కి, మార్చమనండి, లేదా ఒకేసారి రెండు మూడు నెలలకి మందులు ఇవ్వమనండి, ఎన్నిసార్లు తక్కువ వెళ్తే అన్ని కళ్ళు తప్పుతాయి.

పేరు పెట్టి గట్టిగా పిలుస్తున్నారు.

నంబర్‌తో పిలవమని అడగండి. మెడికల్ ఆఫీసర్‌కి చెప్తే చాలాచోట్ల మారుస్తారు. మారకపోతే కంప్లయింట్ గురించి కింద రాశా.

డేట్ దాటితే ఇంటికి ఫోన్ చేస్తారా, మనిషిని పంపిస్తారా?

రెండూ జరుగుతాయి. మందులు ఆపేసినవాళ్ళని వెతకడం కోసం ఔట్‌రీచ్ వర్కర్లు ఉంటారు, వాళ్ళు ఫోన్ చేస్తారు, ఎత్తకపోతే ఇంటికి వస్తారు. ఉద్దేశం మంచిదే, మందు ఆగితే ప్రాణం మీదకి వస్తుంది కాబట్టి. అందుకే రిజిస్టర్ చేసుకున్న రోజే రెండు సంగతులు తేల్చేసుకోండి. ఏ నంబర్‌కి చెయ్యాలి, ఏ టైమ్‌లో చెయ్యాలి, వేరేవాళ్ళు ఎత్తితే ఏం చెప్పాలి అనేది ఒకటి. ఇంటికి రావొచ్చా, వస్తే ఎవరినని చెప్పుకోవాలి అనేది రెండోది. "బ్యాంక్ నుంచి" అని గానీ "పొదుపు సంఘం నుంచి" అని గానీ మీ ఇంట్లో నప్పే మాట మీరే చెప్పండి, వాళ్ళు రాసుకుంటారు.

ఇంకో సంగతి, దీన్ని ఎవరూ పట్టించుకోరు. ట్రూకాలర్! సెంటర్ ఫోన్ నంబర్‌ని ఎవరో ఒక పేషెంట్ "ఏఆర్‌టీ కౌన్సిలర్" అని సేవ్ చేసుకుంటే ఆ పేరే అందరి స్క్రీన్ల మీదా పడే అవకాశం ఉంది. మీ ఫోన్ టేబుల్ మీద మోగుతుంటుంది, మీ బావగారు చూస్తారు. అందుకని ఆ నంబర్‌ని మీ ఫోన్‌లో ఏదో మామూలు పేరుతో ముందే సేవ్ చేసుకోండి, అప్పుడు మీరు పెట్టిన పేరే కనిపిస్తుంది. ఇది చదివే స్టాఫ్ ఎవరైనా ఉంటే, ఆఫీస్ నంబర్ ట్రూకాలర్‌లో ఏ పేరుతో వస్తుందో ఇవాళే చూసుకోండి దయచేసి.

మందుల డబ్బా ఇంట్లో ఎలా పెట్టుకోవాలి?

లేబుల్ చింపేయండి, తప్పు లేదు, ఎక్స్‌పైరీ తేదీ మాత్రం పెన్నుతో డబ్బా మీద రాసుకోండి. టాబ్లెట్లు మాత్రం ఇంకో డబ్బాలోకి, కాగితం పొట్లంలోకి పొయ్యకండి, టీఎల్‌డీ (మూడు మందులు కలిపిన హెచ్‌ఐవీ మాత్ర) డబ్బాలో తేమ లాగేసే చిన్న ప్యాకెట్ ఉంటుంది, దాంతోపాటు మూత గట్టిగా పెట్టి అదే డబ్బాలో ఉంచాలి. డబ్బా గలగలా చప్పుడు చేస్తుందని బస్సులో భయపడేవాళ్ళు పైన కొంచెం దూది పెట్టుకుంటారు. గ్రీన్ బుక్ బీరువాలో చీరల కింద దాచి పిల్లలకి దొరికిపోయినవాళ్ళు ఉన్నారు, తాళం ఉన్న చోట పెట్టండి.

నా భార్యకి, భర్తకి చెప్పేస్తారా?

చాలామంది డాక్టర్లకి కూడా ఇది సరిగ్గా తెలీదు కాబట్టి వివరంగా రాస్తా. 9వ సెక్షన్ ప్రకారం డాక్టర్ లేదా కౌన్సిలర్ మీ భాగస్వామికి చెప్పొచ్చు, కానీ వరసగా నాలుగు జరగాలి. ఆ మనిషికి మీ నుంచి సోకే ప్రమాదం గట్టిగా ఉందని వాళ్ళకి అనిపించాలి, మీరే చెప్పుకోమని మీకు ముందు కౌన్సిలింగ్ ఇచ్చి ఉండాలి, మీరు చెప్పరని వాళ్ళకి నమ్మకం కుదరాలి, ఆపైన "మేము చెప్పబోతున్నాం" అని మీకు తెలియజేయాలి. ఇన్ని అయ్యాక కూడా ఫోన్‌లో మెసేజ్ పెట్టేయకూడదు, మనిషిని ఎదురుగా కూర్చోబెట్టి కౌన్సిలింగ్ ఇచ్చి చెప్పాలి. భాగస్వామి అంటే చట్టంలో భార్య, భర్త, లేదా పెళ్ళయినవాళ్ళలాగే కలిసి ఉంటున్నవాళ్ళు. అత్తమామలు కాదు! పాజిటివ్ వచ్చిన కోడలి సంగతి ముందు అత్తగారికి చెప్పే అలవాటు మన దగ్గర ఉంది, అది పూర్తిగా చట్టవిరుద్ధం.

ఆడవాళ్ళకి ఇందులో ఒక రక్షణ ఉంది. చెప్తే కొడతాడు, వదిలేస్తాడు, పిల్లలకీ తనకీ ప్రమాదం అని భయపడ్డానికి కారణం కనిపిస్తే డాక్టర్ భాగస్వామికి చెప్పకూడదు. ఇంట్లో అలాంటి పరిస్థితి ఉంటే మొహమాటపడకుండా కౌన్సిలర్‌కి చెప్పండి, వాళ్ళు ఊహించుకోలేరు.

దీనికి రెండో వైపు 10వ సెక్షన్. తనకి ఉందని తెలిసిన మనిషి ఎదుటివాళ్ళకి సోకకుండా జాగ్రత్త తీసుకోవాలి, అది బాధ్యత. రోజూ మందు వేసుకుని వైరల్ లోడ్ టెస్ట్‌లో కనపడనంత తక్కువకి వచ్చి అలాగే నిలబడితే శృంగారం ద్వారా సోకదు, ఇది తెలిశాక చాలామంది వాళ్ళంతట వాళ్ళే ఇంట్లో చెప్పుకున్నారు. భయంతో చెప్పడం వేరు, రిపోర్ట్ చేతిలో పెట్టుకుని చెప్పడం వేరు.

పెళ్లి సంబంధం కుదిరింది, ఆసుపత్రివాళ్ళు అవతలి వాళ్ళకి చెప్పేస్తే?

దీని మీద సుప్రీంకోర్టులో పెద్ద కథే నడిచింది. ఆసుపత్రి ద్వారా విషయం బయటికొచ్చి పెళ్లి ఆగిపోయిన ఒకాయన కేసు వేశాడు, మిస్టర్ ఎక్స్ వర్సెస్ హాస్పిటల్ జెడ్ అని పేరు. 1998లో కోర్టు ఆసుపత్రి తప్పు లేదంది, పైగా హెచ్‌ఐవీ ఉన్నవాళ్ళకి పెళ్లి హక్కు ఆగిపోతుందన్నట్టు రాసింది. 2002లో అదే కోర్టు, పెళ్లి హక్కు గురించి అన్న ఆ మాటలు అక్కడ అనవసరం అని వెనక్కి తీసుకుంది. ఇప్పుడు 2017 చట్టం ఉంది, అందులో భాగస్వామి అన్న మాటకి ఇచ్చిన అర్థంలో కాబోయేవాళ్ళు లేరు. నా మాటగా చెప్తున్నా, దాచి పెళ్లి చేసుకోవద్దు. గోప్యత మీ హక్కే, అవతలి మనిషి ఆరోగ్యం మాత్రం మీ హక్కు కాదు. కౌన్సిలర్ గదిలో ఇద్దరూ కూర్చుని మాట్లాడుకుని పెళ్లి చేసుకున్న జంటలు ఉన్నాయి.

ఆపరేషన్‌కి ముందు నాకు చెప్పకుండా టెస్ట్ చేసేశారు, రిజల్ట్ మా తమ్ముడికి చెప్పారు.

రెండూ తప్పే. టెస్ట్‌కి మీ ఒప్పుకోలు కావాలి, ముందూ వెనకా కౌన్సిలింగ్ ఉండాలి. "సర్జికల్ ప్రొఫైల్" అని బిల్లులో ఒక లైన్ పెట్టి అందులో హెచ్‌ఐవీ కలిపేయడం ప్రైవేట్‌లో మామూలైపోయింది, సంతకం పెట్టే కాగితం ఒకసారి చదవండి. రక్తం తీసినచోట, ఫలితం చెప్పేచోట అటెండర్‌ని బయటికి పంపమని అడిగే హక్కు మీకుంది.

మంచం మీద స్టిక్కర్, కేస్ షీట్ అట్ట మీద ఎర్ర పెన్నుతో పెద్ద అక్షరాలు, "ఈ బెడ్ జాగ్రత్త" అని ఆయాకి కేక, ఇవన్నీ ఇంకా జరుగుతున్నాయి. స్టాఫ్ రక్షణ కోసమే అంటారు. గ్లోవ్స్ ప్రతి పేషెంట్‌కీ వేసుకోవాలి కదా, టెస్ట్ చెయ్యనివాళ్ళలో ఎవరికి ఏముందో స్టిక్కర్ చెప్పదు. సూది గుచ్చుకుంటే 72 గంటల్లోపు మొదలుపెట్టే మందులు ఉన్నాయి, ఎంత త్వరగా అయితే అంత మంచిది, చట్టం ప్రకారం అవి స్టాఫ్‌కి సమకూర్చాల్సింది ఆసుపత్రి.

గర్భిణికి పాజిటివ్ వస్తే ఆశ వర్కర్‌కి తెలిసిపోతుందా?

బిడ్డకి సోకకుండా చూడాలంటే మందులు, కాన్పు, పుట్టిన బిడ్డకి టెస్టులు అన్నీ ఒకరి తర్వాత ఒకరు చూసుకోవాలి, కాబట్టి వైద్యం చేసేవాళ్ళకి తెలియడం తప్పదు. ఊళ్ళో ఆశ అక్కకి తెలియాలా వద్దా అనేది మాత్రం మిమ్మల్ని అడిగి తేల్చాల్సిన సంగతి. తల్లీబిడ్డ కార్డ్ ఇంట్లో అందరూ తిరగేస్తారు, దాని మీద ఏం రాస్తున్నారో అక్కడే చూసుకోండి, ఇబ్బందిగా అనిపిస్తే అప్పుడే చెప్పండి.

పిల్లాడి స్కూల్లో చెప్పాలా?

అక్కర్లేదు. స్కూల్ అడిగే హక్కు లేదు, అడ్మిషన్‌కి టెస్ట్ పెట్టడం కూడా నిషేధం. హాస్టల్లో ఉంటే మందు టైమ్‌కి వేసుకోవాలి కాబట్టి ఒక్క నమ్మకమైన వార్డెన్‌కి చెప్పాలా అనేది ఆలోచించుకోండి.

ఉద్యోగంలో చేరేటప్పుడు, గల్ఫ్‌కి వెళ్ళేటప్పుడు?

ఇండియాలో ఉద్యోగానికి హెచ్‌ఐవీ టెస్ట్ షరతుగా పెట్టకూడదు, 3వ సెక్షన్. గల్ఫ్ సంగతి వేరు. జగిత్యాల, నిజామాబాద్, కడప, గోదావరి జిల్లాల నుంచి వెళ్ళేవాళ్ళకి వీసా మెడికల్ తప్పదు, వాఫిద్ సెంటర్లలో చేస్తారు, పాత పేరు గామ్కా. పాజిటివ్ అయితే అన్‌ఫిట్, అది వాళ్ళ దేశాల రూల్, మన చట్టం అక్కడ పనిచెయ్యదు. విషయం పొక్కేది ఎక్కడంటే ఏజెంట్ దగ్గర. ఫలానావాడు అన్‌ఫిట్ అయ్యాడట అని ఊళ్ళోకి రాగానే కూపీ లాగడం మొదలవుతుంది. అందుకే గల్ఫ్ ఆలోచన ఉన్నవాళ్ళు ఏజెంట్‌కి డబ్బు కట్టకముందే ప్రభుత్వ ఐసీటీసీలో (హెచ్‌ఐవీ కౌన్సిలింగ్, టెస్ట్ సెంటర్) ఫ్రీగా టెస్ట్ చేయించుకోండి, రిజల్ట్ మీ చేతిలోనే ఉంటుంది, డబ్బూ మిగులుతుంది.

అమెరికాలో ఉన్నాం, ఇక్కడ మన తెలుగువాళ్ళకి తెలుస్తుందా?

వీసా భయం వద్దు, 2010 జనవరి 4 నుంచి హెచ్‌ఐవీ ఉందని అక్కడ రానివ్వకపోవడం లేదు, ఇమిగ్రేషన్ మెడికల్‌లో ఆ టెస్ట్ కూడా లేదు. వైద్య వివరాల గోప్యత కోసం అక్కడ ఉన్న హిపా చట్టం గట్టిదే. అక్కడ జాగ్రత్త పడాల్సింది ఇన్సూరెన్స్ పంపే కాగితం దగ్గర. మీరు భర్త ప్లాన్ మీదో నాన్న ప్లాన్ మీదో ఉంటే ఏ టెస్ట్‌కి ఎంత కట్టామో ఆ ప్లాన్ ఉన్నవాళ్ళకి వెళ్తుంది, దాన్ని వేరే అడ్రస్‌కో మీ సొంత లాగిన్‌కో పంపమని ముందుగా రాతపూర్వకంగా అడగండి. ఇంగ్లిష్ ఇబ్బంది అయితే క్లినిక్‌లో ఫోన్ ఇంటర్‌ప్రెటర్‌ని అడగండి, తెలిసిన ఆంటీని వెంటపెట్టుకుని వెళ్ళకండి.

ఇన్సూరెన్స్ ఫారంలో రాయాలా?

అడిగిన చోట అబద్ధం రాయకండి, తర్వాత క్లెయిమ్ తిప్పికొట్టడానికి అదే సాకు అవుతుంది.

పెన్షన్ పెట్టుకుంటే ఊరంతా తెలిసిపోదా?

రెండు రాష్ట్రాల్లోనూ పెన్షన్ ఉంది, కానీ భయంతో పెట్టుకోనివాళ్ళు చాలామంది. డబ్బు నేరుగా బ్యాంక్ అకౌంట్‌లో పడేలా చూడమని సెంటర్‌లోనే అడగండి, అప్లికేషన్ కూడా అక్కడి నుంచే కదిలేలా చూసుకోండి. నోటీసు బోర్డులో ఈ కేటగిరీ పేర్లు అంటించారంటే అది 8వ సెక్షన్ ఉల్లంఘన, ఫోటో తీసి పెట్టుకోండి, కాకపోతే దాన్ని గ్రూపుల్లో పెట్టకండి, మీరే ఇంకోసారి లీక్ చేసినట్టవుతుంది.

స్టాఫ్ వాట్సాప్ గ్రూపుల్లో పేషెంట్ లిస్టులు పెడుతున్నారట?

పెట్టకూడదు, అంతే. మందులు ఆపినవాళ్ళ లిస్టు ఫోటో తీసి గ్రూప్‌లో వేయడం పని తొందరలో జరుగుతుంది, ఆ ఫోటో గ్యాలరీలోకి చేరుతుంది, గ్యాలరీ వాళ్ళ పిల్లల చేతుల్లో ఉంటుంది. ఎవరికి ఎవరు కావాలో వాళ్ళకి ఒక్కళ్ళకే నంబర్ చెప్తే సరిపోయే పని అది.

విషయం బయటికి వచ్చేసింది. ఇప్పుడేం చెయ్యాలి?

ముందు ఎవరు, ఎవరికి, ఏ రోజు, ఏ మాట అన్నారో ఒక కాగితం మీద రాసుకోండి, వేడి మీద ఉన్నప్పుడే, తర్వాత మర్చిపోతాం. 20 మంది పైన పనిచేసే ఆసుపత్రిలో కంప్లయింట్స్ ఆఫీసర్ ఉండాలి, మిగతా సంస్థల్లో అయితే 100 మంది, ముందు ఆయనకి రాసి ఇచ్చి రిసీవ్డ్ కాపీ తీసుకోండి. వివక్ష, వైద్యం నిరాకరణ లాంటివి ఉంటే రాష్ట్ర ఓంబుడ్స్‌మన్‌కి, అంటే ఈ చట్టం కింద ఫిర్యాదులు వినే అధికారికి, వెళ్ళొచ్చు, 30 రోజుల్లో ఆర్డర్ ఇవ్వాలి, ప్రాణాపాయం అయితే 24 గంటల్లో ఇవ్వడానికి చూడాలి. ఆ ఆర్డర్ పాటించకపోతే 10,000 దాకా ఫైన్, అయినా మొండికేస్తే రోజుకి 5,000 దాకా అదనం. డాక్టర్ నోరు జారితే రాష్ట్ర మెడికల్ కౌన్సిల్‌కి కూడా రాయొచ్చు.

కోర్టుకెళ్తే ఇంకా పరువు పోతుందని చాలామంది ఆగిపోతారు. 34వ సెక్షన్ ప్రకారం మారు పేరుతో కేసు నడిపించమని, తలుపులు మూసి విచారించమని అడగొచ్చు, కోర్టు ద్వారా తెలిసిన మీ స్టేటస్‌ని ఎవరైనా బయటపెడితే లక్ష రూపాయల దాకా ఫైన్. ఆడవాళ్ళకి, ఎస్సీ ఎస్టీలకి జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో లాయర్ ఫ్రీ. నిజం చెప్పాలంటే ఈ దారి నెమ్మదిగా కదులుతుంది, ఓంబుడ్స్‌మన్ ఎవరో వెతుక్కోవడమే ఒక పని. అయినా రాసి ఇచ్చిన ఒక్క కంప్లయింట్‌తో సెంటర్‌లో పిలిచే పద్ధతి మారడం, తెరిచి ఉండే రిజిస్టర్ బీరువాలోకి వెళ్ళడం నేను చూశా.

ముందు ఎవరితోనైనా మాట్లాడాలి, పేరు చెప్పకుండా కుదురుతుందా?

కుదురుతుంది. 1097, నాకో హెల్ప్‌లైన్, టోల్ ఫ్రీ, తెలుగులో మాట్లాడొచ్చు. పేరు చెప్పక్కర్లేదు. మాట్లాడాక కాల్ లిస్ట్‌లోంచి ఆ నంబర్ తీసేయండి.